పాత తుపాకీ పాఠాలు – 4: రంజకం అంటుకున్నాక గొట్టంలో ఏం జరుగుతుంది

కిందటి పాఠంలో మూతి నుంచి మందు పోసి, గుండు దింపే వరస చూశాం. ఈసారి నిప్పు, ఒత్తిడి. కాగితం, పెన్సిలు చాలు. తుపాకీ, మందు అక్కర్లేదు. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే నేరం కూడా.

1758 డిసెంబరులో, పిఠాపురానికి అవతల చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ తలపడినప్పుడు సిపాయిల చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు. రాయి ఉక్కు మీద గీసుకుంటే రవ్వలు రాలతాయి. అవి పక్కగిన్నెలోని రంజకాన్ని, అంటే నిప్పందించే సన్నటి మందును, అంటిస్తాయి. ఆ మంట గొట్టానికున్న సన్న బెజ్జంలోంచి లోపలి మందును అందుకోవాలి. ఎక్కువ పేచీ ఈ బెజ్జం దగ్గరే. దాని నిండా మందు కూరితే బాగా అంటుకుంటుందని మనకనిపిస్తుంది. కానీ అప్పుడు ఒక్కో పలుకూ వరసగా కాలుతూ పోవాలి, ఆలస్యమవుతుంది. బెజ్జం ఖాళీగా ఉంటేనే మంట ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. అసలు ప్రమాదం ఆలస్యంలో ఉంది: పేలలేదనుకుని గొట్టాన్ని తనవైపు తిప్పుకున్నవాడికి ప్రాణం మీదికి వస్తుంది.

1807లో ఫోర్సిత్ అనే స్కాట్లాండు పాదిరీ దెబ్బకు మండే రసాయనంతో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత అలా దెబ్బకు మండే మందు నింపిన చిన్న రాగి టోపీలు వచ్చి గిన్నె, రంజకం రెండూ పోయాయి.

ఇక మందు. పలుకు పైనుంచి లోపలికి కాలుతుంది, కాబట్టి కాలే వేగం పైవైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఒక సెంటీమీటరు ఘనానికి ఆరు చదరపు సెంటీమీటర్ల పైభాగం. దాన్నే మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1000 ముక్కలు, మొత్తం 60 చదరపు సెంటీమీటర్లు. బరువు అంతే, మండే చోటు పదింతలు. అందుకే ఫిరంగికి పెద్ద పలుకు, చేతి తుపాకీకి సన్నది, రంజకానికి మరీ సన్నది.

మరి పిండిలా నూరేస్తే ఇంకా వేగంగా కాలాలి కదా? కాలదు. మన ఊక పొయ్యిలో నడుమ కన్నం వదలకుండా ఊక దట్టించి చూడండి, మంట లేవదు, కుములుతుంది. మెత్తటి మందునూ గట్టిగా దట్టిస్తే మంట దూరే సందుండదు.

ఇప్పుడు ఒత్తిడి. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త కట్టిన లెక్క ఇది: మందు తాను ఆక్రమించిన చోటే పూర్తిగా కాలిపోతే గాలి ఒత్తిడికి సుమారు వెయ్యి రెట్లు వస్తుంది. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు వెయ్యి కిలోలు. నాటి సిపాయి తుపాకీ గొట్టం లోపలి అడ్డుకొలత సుమారు 19 మిల్లీమీటర్లు, వైశాల్యం 2.8 చదరపు సెంటీమీటర్లు. గుండు వెనక తోపు 2800 కిలోలు! గుండు కదిలి, చోటు రెట్టింపైతే ఒత్తిడి దాదాపు సగం. నిజంలో గుండు కదిలాక కూడా మందు కాలుతూనే ఉంటుంది, కాబట్టి దీన్ని ఉజ్జాయింపుగానే తీసుకోండి.

ఈ లెక్క ఒకచోట నిలువునా మోసం చేస్తుంది. గుండు మందు మీద ఆనకుండా గొట్టం మధ్యలో ఆగిందనుకోండి. చోటు పెరిగింది, ఒత్తిడి తగ్గాలి. కానీ గొట్టం సరిగ్గా గుండు దగ్గరే ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది. ఖాళీలో వేగం పుంజుకున్న వాయువు నిలబడి ఉన్న గుండును గుద్దుకుని, ఆ ఒక్క చోట క్షణంపాటు ఒత్తిడి పెచ్చరిల్లుతుంది. సగటు ఒత్తిడి వేరు, ఒకచోటి ఒత్తిడి వేరు. మ్యూజియంలో గొట్టం మధ్య ఉంగరంలాంటి ఉబ్బు కనిపిస్తే మొదట దీన్నే అనుమానించాలి.

కోనసీమ గాలిలో మందు నెమ్మడం గురించి రెండు మాటలు. మందులో ముఖ్యమైన దినుసు సూరేకారం. శుద్ధమైనదైతే గాలిలో తేమ 90 శాతం దాటితే గానీ నీరు పట్టదు. సోడియం, కాల్షియం లవణాలు కలిసిన నాసిరకం అంతకన్నా చాలా ముందే చెమ్మగిల్లుతుంది. కాల్చాక తంటా ఇంకా ఎక్కువ. మందులో సగానికి పైగా వాయువు కాదు, పొగగానూ మసిగానూ మారుతుంది. ఆ మసిలోని పొటాషియం కార్బొనేటు తేమను లాక్కుని ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. అందుకే కాల్చిన తర్వాత గొట్టాన్ని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాసేవారు.

పాత ఇళ్ల అటకల మీద దొరికే తుపాకుల్లో మందు ఇంకా ఉండొచ్చు. మీరు పరీక్షించకండి, పోలీసులకు చెప్పండి.

అభ్యాసం: 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు గొట్టం అడ్డుకొలత 14.7 మిల్లీమీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 500 కిలోలైతే తోపెంత? మందు పొడవు 4 సెంటీమీటర్లు, గుండు మరో 12 ముందుకు జరిగితే ఒత్తిడి ఎన్నో వంతుకు దిగుతుంది? జవాబులు, మీనియే గుండు కథ అయిదో పాఠంలో.