శాలిహుండం కొండెక్కితే ఏది ముందు చూడాలి?

శ్రీకాకుళం నుంచి సుమారు 18 కిలోమీటర్లు, గార మండలం. వంశధార నది దక్షిణపు గట్టున, పాత బౌద్ధ కట్టడాల శిథిలాలున్న కొండ ఇది. చాలామంది ఎక్కి, నదికి ఫొటో తీసుకుని దిగిపోతారు. ఇటుకల గుట్టలన్నీ ఒకేలా కనిపించడమే అందుకు కారణం. చూసే వరుస తెలిస్తే అలా ఉండదు.

ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం నాలుగు దాటాక ఎక్కండి. ఎండ ఏటవాలుగా పడితేనే ఇటుకల వరసలు నీడలతో విడివిడిగా తేలుతాయి. మిట్టమధ్యాహ్నం అంతా ఒకే ఎరుపు. వాన పడిన మర్నాడు మెట్ల మీద నాచు జారుతుంది, ఆగడం మేలు. చేతిలో నీళ్లసీసా, 5 మీటర్ల టేపు, ఒక పురికొస ఉండాలి.

ముందు ఆగకుండా పైకి వెళ్లిపోండి. పైనున్నది మహాస్తూపం. ఉత్తరాన వంశధార, తూర్పున అది సముద్రంలో కలిసే కళింగపట్నం వైపు చూడండి. ఒకప్పుడు ఆ రేవుకు వచ్చిపోయిన ఓడలకూ, ఏటి ఒడ్డు వరిపొలాలకూ మధ్య ఈ కొండ ఎందుకు కావాల్సి వచ్చిందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. ఊరి పాతపేరు శాలివాటిక అంటారు. శాలి అంటే వరి. శల్యపేటిక, అంటే అస్థికల పెట్టె, అన్న పేరు కూడా చెబుతారు. తవ్వకాల్లో ధాతుపేటికలు, అంటే అస్థికలు దాచే పెట్టెలు, దొరికాయి కాబట్టి రెండో పేరునూ కొట్టిపారేయలేం.

ఇప్పుడు కట్టడం. స్తూపం పునాది బండిచక్రంలా ఉంటుంది: చుట్టూ గోడ, నడుమ గుండ్రటి కుంభం, రెంటినీ కలుపుతూ చక్రపు ఆకుల్లా అడ్డగోడలు. మధ్య ఖాళీల్లో మట్టి కూరుతారు. ధర్మచక్రానికి గుర్తు అంటారు, నిజమే కావచ్చు. అయితే అందులో మేస్త్రీ లెక్క కూడా ఉంది. తడిసిన మట్టి ఉబ్బి గోడను బయటికి తోస్తుంది. ఆకులు ఆ మట్టిని గదులుగా విడగొట్టి, గోడను లోపలికి పట్టి ఉంచుతాయి. ఇటుకా కలిసొస్తుంది.

కొలవాలంటే పురికొసను గోడ చుట్టూ తిప్పి, ఆ పొడవును 3.14తో భాగించండి, వ్యాసం వస్తుంది. అడుగులతో కొలిస్తే తప్పుతుంది, నేల వాలుగా ఉంది మరి. ఇటుక కొలత కింది వరసల్లోనే తీసుకోండి. పై వరసలు మరమ్మతులో కొత్తగా పేర్చినవి కావచ్చు. మన 9 అంగుళాల ఇటుకతో పోల్చి చూడండి.

తర్వాత చైత్యగృహాలు, అంటే స్తూపాన్ని లోపల ఉంచి కట్టిన పూజామందిరాలు. వెనక భాగం అర్ధవలయంగా తిరిగితే అది గజపృష్ఠం, అంటే ఏనుగు వీపు ఆకారం. భక్తులు స్తూపం వెనక నుంచి ప్రదక్షిణగా తిరిగి రావడానికే ఆ వంపు.

చివర్న శిల్పాలు. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికిన చోటిది. మారీచిని పట్టుకోవడం తేలిక: ముఖాల్లో ఒకటి పందిముఖం, పీఠం మీద పందుల వరస. ఉత్త స్తూపాన్ని పూజించిన తొలి శాఖ హీనయానం నుంచి దేవతలు నిండిన వజ్రయానం దాకా బౌద్ధం ఎంత మారిందో ఈ ఒక్క కొండ మీదే కనిపిస్తుంది. శిల్పాలతో మొదలుపెడితే ఈ వరుస తలకిందులవుతుంది.

ఈ శిథిలాలను 1919లో లోకానికి చూపింది గిడుగు రామమూర్తి. వాడుకభాష కోసం పోరాడిన ఆ గిడుగువారే.

స్తూపాల మీదికి ఎక్కొద్దు. ఒక్క ఇటుక కదిలితే ఆ సందులో వాన దిగుతుంది, రావివిత్తు పడుతుంది, వేరు లావెక్కి గోడను చీలుస్తుంది. గుర్తుగా పెంకుముక్క కూడా తేవద్దు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.