ఫైళ్ళకి తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఏది నమ్మొచ్చు? నేనెలా చూస్కుంటానంటే

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా బావ లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టి "చూడరా, ఫోల్డర్‌కి లాక్ వేశా, ఇంక ఎవడూ తియ్యలేడు" అన్నాడు. ఏదో ఫోల్డర్ లాకర్ అంట, వీడియోలో చూసి 499 పెట్టి కొన్నాడు, ఓపెన్ చేస్తే పెద్ద డాలు బొమ్మ, కింద "మిలిటరీ గ్రేడ్ ఎన్‌క్రిప్షన్" అని రాసుంది. లోపల పొలం పాస్‌బుక్ స్కాన్లు, ఇంట్లో అందరి ఆధార్‌లు, ఎల్ఐసీ బాండ్లు, అన్నీ ఉన్నాయంట. నా దగ్గర ఎప్పుడూ లైనక్స్ (విండోస్ బదులు వాడే ఇంకో సిస్టమ్) ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటది, అది గుచ్చి దాన్నుంచి లాప్‌టాప్ ఆన్ చేసి బావ డీ డ్రైవ్ ఓపెన్ చేశా. ఫోల్డర్ అక్కడే ఉంది. పాస్‌బుక్ ఫొటో మీద డబుల్ క్లిక్ కొడితే సర్వే నంబర్‌తో సహా కనిపించింది. మొత్తం కాఫీ తాగినంత టైమ్ కూడా పట్టలేదు. బావ కాసేపు స్క్రీన్ వైపు చూసి "మరి 499?" అన్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్ చేసింది ఏంటంటే విండోస్‌కి ఫోల్డర్ కనపడకుండా దాచడం, అంతే. తలుపుకి తాళం వెయ్యకుండా ముందు కర్టెన్ కట్టినట్టు. నిజం ఎన్‌క్రిప్షన్ అంటే ఫైల్ లోపలి డేటానే గజిబిజిగా మారిపోవాలి, హార్డ్ డిస్క్ పీకి ఇంకో కంప్యూటర్‌కి పెట్టినా చెత్త తప్ప ఏం కనపడకూడదు. ఫోన్లలో ఫొటోలు దాచే వాల్ట్ యాప్‌ల్లోనూ ఇదే కథ. ఎన్‌క్యూ వాల్ట్ అని బాగా పాపులర్ యాప్ ఒకటి ఉండేది, 2015లో ఒకతను విప్పి చూస్తే ఫైల్‌లో మొదటి 128 బైట్లు మాత్రమే మారుస్తోందని తేలింది, అదీ 256 తాళం చెవుల్లో ఒకదానితో, మిగతా ఫొటో అంతా ఉన్నదున్నట్టే ఉంది. 256 అంటే చేత్తో ట్రై చేసినా సాయంత్రానికి అయిపోతాయి.

అందుకని డాలు బొమ్మలు, "256 బిట్" (తాళం చెవి ఎంత పొడుగో చెప్పే అంకె) బోర్డులు చూసి ఏదీ నమ్మకండి. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి 2001 నుంచి అందరికీ ఫ్రీగా ఉంది, మంచోడూ అదే వాడతాడు దొంగోడూ అదే వాడతాడు, కాబట్టి ఆ పేరు రాసుకోవడం గొప్పేం కాదు. రివర్స్‌లో "మా సొంత సీక్రెట్ అల్గారిథం" అని ఎవడైనా రాస్తే మాత్రం ఇంక చదవక్కర్లేదు, ట్యాబ్ మూసెయ్యండి.

నేను ముందు చూసేది తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది అని. మా అక్క కొత్త లాప్‌టాప్ కొన్నప్పుడు షాపు కుర్రాడే సెటప్ చేసిచ్చాడు, విండోస్ మెయిల్ ఐడీ అడిగితే అప్పటికప్పుడు తనే ఏదో ఐడీ క్రియేట్ చేసి పడేశాడు, అక్కకి ఆ విషయమే తెలీదు. ఇప్పుడు చాలా విండోస్ లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయిపోతుంది, మంచిదే, కాకపోతే రికవరీ కీ, అంటే మామూలుగా తెరుచుకోనప్పుడు వాడే స్పేర్ తాళం చెవి, వెళ్ళి ఆ అకౌంట్‌లో కూర్చుంటుంది. ఏడాది తర్వాత సర్వీస్‌లో మదర్‌బోర్డు మార్చారు, ఆన్ చేస్తే నీలం స్క్రీన్, 48 అంకెల రికవరీ కీ కొట్టండి అని. అక్క దగ్గర కీ లేదు, మెయిల్ ఐడీ తెలీదు, షాపు కుర్రాడు ఉద్యోగం మానేశాడు. పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు అందులోనే పోయాయి. ఎన్‌క్రిప్షన్ పక్కాగా పనిచేసింది, ఓనర్ మీదే.

మీకు విండోస్ లాప్‌టాప్ ఉంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూడండి, ప్రో వెర్షన్ అయితే బిట్‌లాకర్ అని ఉంటుంది. ఆన్‌లో ఉంటే ఆ 48 అంకెలు ఈరోజే కాగితం మీద రాసుకోండి. లాప్‌టాప్ పోతే దొంగ చేతికి ఫైళ్ళు దొరకకుండా ఉండటానికి చాలామందికి ఇది చాలు, వేరే ఏదీ కొనక్కర్లేదు. కానీ కీ కాపీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కూడా ఉంటుందని గుర్తుంచుకోండి, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ పోతే తాళం చెవి కూడా పోయినట్టే. అది ఇష్టం లేనివాళ్ళకి కీ తమ దగ్గరే ఉండే సాఫ్ట్‌వేర్ కావాలి.

రెండోది, లోపల ఏముందో బయటివాళ్ళు చూడగలరా. స్విట్జర్లాండ్‌లో క్రిప్టో ఏజీ అని కంపెనీ ఉండేది, వందకి పైగా దేశాల ప్రభుత్వాలకి రహస్య సందేశాల మిషన్లు అమ్మింది, మన దేశమూ పాకిస్తానూ రెండూ కస్టమర్లే. 1970లో ఆ కంపెనీని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, జర్మనీ గూఢచారి సంస్థ బీఎన్‌డీ కలిసి గుట్టుగా కొనేసి ఆ సందేశాలు చదివేశాయని 2020 ఫిబ్రవరిలో బయటపడింది. అంటే దేశాలే డబ్బులు పోసి కొనుక్కుని మోసపోయాయి, ఎందుకంటే డబ్బా మూసి ఉంది, కంపెనీ చెప్పింది నమ్మడం తప్ప దారి లేదు. అందుకే నేను సోర్స్ కోడ్, అంటే సాఫ్ట్‌వేర్ లోపలి అసలు రాత, బయట పెట్టిన సాఫ్ట్‌వేరే (ఓపెన్ సోర్స్ అంటారు) చూస్తాను. కోడ్ మీరు చదవక్కర్లేదు, నేనూ చదవను, చదివే వాళ్ళు చదివి రిపోర్ట్ రాశారా అన్నదే పాయింట్. ఓపెన్ సోర్స్ అనగానే కళ్ళు మూసుకోకండి అని కూడా చెప్పాలి మళ్ళీ, వెబ్‌సైట్లు ఎన్‌క్రిప్షన్ కోసం వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం అందరి కళ్ళ ముందే రెండేళ్ళు ఉండి 2014లో గానీ దొరకలేదు. అందుకే ఆడిట్, అంటే తెలిసినవాళ్ళు కోడ్ చదివి తప్పులు వెతకడం, జరిగిందా, ఎవరు చేశారు, దొరికిన తప్పులు సరిచేశారా అని చూడాలి.

దీనికి ట్రూక్రిప్ట్ కథ భలే ఉంటుంది. అది ఫైళ్ళని ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్, 2004లో వచ్చింది, ఫ్రీ, తయారుచేసినవాళ్ళెవరో ఎవరికీ తెలీదు, ప్రపంచమంతా వాడేది. 2014 మే 28న వాళ్ళ సైట్ తెరిస్తే "ఇది వాడటం సేఫ్ కాదు, బిట్‌లాకర్‌కి వెళ్ళిపోండి" అనే అర్థంలో నోటీసు, అంతే, మనుషులు మాయం. జనం బెంబేలెత్తిపోయారు. అప్పటికే జనం చందాలేసుకుని ఆడిట్ మొదలెట్టి ఉన్నారు, 2015లో అది పూర్తయ్యేసరికి దొంగదారులేం లేవు, కొన్ని లోపాలున్నాయి అని తేలింది. కోడ్ బయటే ఉంది కాబట్టి ఫ్రాన్స్ నుంచి మునీర్ ఇద్రాసీ అనే ఆయన దాన్నే బాగుచేసి వెరాక్రిప్ట్ అని అప్పటికే నడుపుతున్నాడు. దానికీ 2016లో క్వార్క్స్‌ల్యాబ్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు ఆడిట్ చేస్తే 8 క్రిటికల్ లోపాలు దొరికాయి, చాలావరకు వెంటనే సరిచేసి కొత్త వెర్షన్ ఇచ్చారు. నాకైతే "తప్పులే లేవు" అనేవాడికంటే ఇలా తప్పులు దొరికి, లిస్ట్ బయటపెట్టి, సరిచేసుకున్నవాడి మీదే నమ్మకం ఎక్కువ.

ఇందులో ఇంకోటి కూడా ఉంది చూడండి. ట్రూక్రిప్ట్ వాళ్ళు పోయినా జనాల ఫైళ్ళు పోలేదు, వెరాక్రిప్ట్‌లో ఆ పాత ఫైళ్ళు తెరుచుకునేవి. కాకపోతే 2023లో వచ్చిన 1.26 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం తీసేశారు, ఇప్పుడు ఎవరి దగ్గరైనా పాత ట్రూక్రిప్ట్ ఫైల్ ఉంటే 1.25.9 దింపుకుని తెరిచి కొత్తదాంట్లోకి మార్చుకోవాలి. కాబట్టి ఏది ఎంచుకున్నా "రేపు ఈ కంపెనీ మూతపడితే నా ఫైల్ దేంతో తెరవాలి" అని అడగండి, జవాబు లేకపోతే వద్దు. బావ కొన్న 499 దానికి లైసెన్స్ సర్వర్ ఆగిపోతే ఏమవుద్దో ఆ దేవుడికే తెలియాలి.

సరే మరి ఏం వాడాలంటే, పని బట్టి. రెండు మూడు ఫైళ్ళు మెయిల్‌లో పంపాలంటే ఫైళ్ళని ఒక మూటలా కట్టి పాస్‌వర్డ్ పెట్టే 7-జిప్ చాలు, కాకపోతే ఫార్మాట్ జిప్ పెడితే పాస్‌వర్డ్ పద్ధతి మామూలుగా జిప్‌క్రిప్టో అని వస్తుంది, అది 1994లోనే బద్దలైపోయిన పద్ధతి, కాబట్టి ఫార్మాట్ సెవెన్ జెడ్ పెట్టి కింద "ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్" టిక్ కొట్టండి, లేకపోతే లోపల ఏ ఫైళ్ళున్నాయో పేర్లు ఎవడైనా చదివేస్తాడు. పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో పెట్టకండి బాబూ, ఫోన్ చేసి చెప్పండి.

లాప్‌టాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఒక లాకర్ లాంటిది కావాలంటే వెరాక్రిప్ట్. గూగుల్ డ్రైవ్ లాంటి క్లౌడ్‌లో పెట్టాలంటే మాత్రం నేను క్రిప్టోమేటర్ వైపు చూస్తాను. ఎందుకంటే వెరాక్రిప్ట్‌లో అంతా ఒకే పెద్ద ఫైల్, లోపల చిన్న ముక్క మారినా చాలా సర్వీసులు మొత్తం మళ్ళీ అప్‌లోడ్ చేస్తాయి, పైగా వెరాక్రిప్ట్ ఆ ఫైల్ తేదీని మార్చదు, సెట్టింగ్ మార్చేదాకా క్లౌడ్‌కి ఏదో మారిందని కూడా తెలీదు, మీరేమో బ్యాకప్ అయిందనుకుంటారు. నేను నాలుగు నెలలు అలానే అనుకున్నా. క్రిప్టోమేటర్ ఏ ఫైల్‌కి ఆ ఫైల్ విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఫోన్‌లో కూడా ఉంది, ఎన్ని ఫైళ్ళున్నాయో ఎంత సైజో మాత్రం బయటికి తెలుస్తుంది, నాకది పర్లేదు. పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి కీపాస్‌ఎక్స్‌సీ గానీ బిట్‌వార్డెన్ గానీ.

డౌన్‌లోడ్ దగ్గరే చాలామంది దొరికిపోతారు. గూగుల్‌లో పేరు కొట్టి పైన వచ్చిన మొదటిది నొక్కేస్తాం కదా, అది యాడ్ అయి ఉండొచ్చు. 2023లో కీపాస్ అనే పాస్‌వర్డ్‌లు దాచే సాఫ్ట్‌వేర్ పేరుతో అలాంటి దొంగ యాడ్ వచ్చింది, అడ్రస్‌లో కె అక్షరం కింద చిన్న చుక్కలాంటి గుర్తు తప్ప అంతా అసలుదాన్లానే ఉంది, స్క్రీన్ మీద మరకేమో అనుకుంటాం. కాబట్టి అడ్రస్ మీరే టైప్ చెయ్యండి. దింపిన వెరాక్రిప్ట్ ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూడండి, ట్యాబ్ అసలు లేకపోయినా, సంతకం చెల్లదని చూపించినా ఇన్‌స్టాల్ చెయ్యొద్దు. క్రాక్ వెర్షన్లు, టెలిగ్రామ్ గ్రూపుల్లో పంచేవి అయితే మాట్లాడక్కర్లేదు, తాళాన్నే దొంగ దగ్గర కొన్నట్టు.

పాస్‌వర్డ్ సంగతి. ఆధార్ పీడీఎఫ్‌కి పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఈ-పాన్‌కి పుట్టినరోజు. వందేళ్ళ తేదీలన్నీ కలిపినా ముప్పై ఆరు వేల చిల్లర, కంప్యూటర్‌కి అదొక లెక్కా. ఆ పీడీఎఫ్‌లకి తాళం ఉందిలే అని వాట్సాప్‌లో పంపేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మీ లాకర్‌కి అయితే సంబంధం లేని తెలుగు మాటలు ఆరు తీసుకోండి, మనసులో అనుకున్నవి కాదు, డిక్షనరీ కళ్ళు మూసుకుని తెరిచి వేలు పెట్టిన చోట వచ్చినవి. సినిమా డైలాగులు వద్దు, పద్యాలు వద్దు. ఒక చిక్కుంది, తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం కదా, "వాకిలి"కి ఏ ఒకటా రెండా, "చెట్టు"కి హెచ్ ఉందా లేదా అని ఆర్నెల్ల తర్వాత గుర్తుండదు. నేను ఒకసారి నా లాకర్ ముందే కూర్చుని "గుమ్మడికాయ"ని పదకొండు రకాలుగా కొట్టాను, పన్నెండోది తెరుచుకుంది. అందుకని స్పెల్లింగ్‌తో సహా కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇంట్లో కాగితం హ్యాకర్‌కి అందదు.

ఇవన్నీ అయ్యాక ఒరిజినల్ ఫైళ్ళు వెంటనే డిలీట్ చెయ్యకండి. ముందు రెండు పనికిమాలిన ఫొటోలు లాకర్‌లో పెట్టి, ఆ లాకర్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో ఆ కాగితం మాత్రమే చూసి తెరవండి, జ్ఞాపకం నుంచి కాదు. తెరుచుకుంటే అప్పుడు అసలు ఫైళ్ళు ఎక్కించి, రెండో కాపీ వేరే ఇంట్లో పెట్టండి. బావ లాప్‌టాప్‌లో ఇదంతా చేసేసరికి రాత్రి పదకొండయింది, కాగితం అక్క తీస్కెళ్ళి బీరువాలో పాస్‌బుక్కుల కవర్‌లోనే పెట్టింది, పక్కనే తన 48 అంకెలు కూడా, ఈసారి కొత్త లాప్‌టాప్‌వి.