ఫిట్స్ ఉన్నవాళ్లు ట్రిగ్గర్లను (ఫిట్స్‌ను రేపే కారణాలను) ఎలా కనిపెట్టాలి, మందులు ఎలా వాడాలి?

మా తమ్ముడికి పదిహేడో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. మాత్రలు వేసుకుంటే తగ్గాయి గానీ పూర్తిగా ఆగలేదు. నెలల తరబడి బాగానే ఉండేవాడు, ఏదో ఒక పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు పడిపోయేవాడు. మా నానమ్మ దగ్గర దీనికి జవాబు సిద్ధంగా ఉండేది: పదిమందిలో తిరిగాడు, దిష్టి తగిలింది. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. డాక్టరు చెప్పాక మేం నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాం. మూడు పెళ్లిళ్లు, మూడుసార్లు ఫిట్స్ అయ్యేసరికి సంగతి తెలిసింది. మూడూ తెల్లవారుజాము ముహూర్తాలే. రాత్రంతా నిద్ర లేదు. రాత్రి వేసుకోవాల్సిన మాత్రేమో ఇంట్లో బీరువా మీద ఉండిపోయింది.

ఇక్కడ రాసినదంతా ఆ పుస్తకం నేర్పినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ. మీ డాక్టరు మీకు వేరేలా చెబితే వారి మాటే వినండి.

మూర్ఛ అంటే మెదడు కణాల మధ్య నడిచే విద్యుత్ సంకేతాలు ఉన్నట్టుండి అదుపు తప్పడం. కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం దానిలో ఒక రకం. పిల్లలు మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు అలా చూస్తూ ఉండిపోవడం, పొద్దున్నే పళ్లు తోముతుంటే చెయ్యి అదిరి బ్రష్ ఎగిరిపోవడం, తనకు తెలియకుండానే పెదాలు చప్పరిస్తూ చొక్కా గుండీలు లాగడం, ఇవి కూడా ఫిట్సే కావచ్చు. బడిలో ఇలాంటి పిల్లలకు "పరధ్యానం" అని పేరు పెట్టి తిట్లు పెడుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఈ జబ్బు ఉన్నవారు సుమారు 5 కోట్ల మంది. సరైన వైద్యం అందితే వారిలో 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని అదే సంస్థ చెబుతోంది.

1. ముందు ఇంట్లో అందరికీ అయిదు నిమిషాల పని నేర్పండి

ఫిట్స్ మొదలవగానే గడియారం చూడండి. మిగతా అన్నిటికంటే ఇదే ముందు, ఎందుకంటే కంగారులో అర నిమిషం కూడా అరగంటలా ఉంటుంది. మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లోని నురగ, లాలాజలం బయటికి కారిపోవాలి. తల కింద కండువానో, బట్టల సంచో, ఏదో ఒక మెత్తటిది పెట్టండి. మెడ దగ్గర గుండీ, కళ్లద్దాలు తీసేయండి. చుట్టూ ఉన్న కుర్చీలు జరపండి.

కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోవద్దు. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టొద్దు. పళ్లు విరుగుతాయి, లేదా మీ వేలు తెగుతుంది. మంచినీళ్లు కూడా పూర్తిగా తెలివి వచ్చాకే.

ఇక తాళాలగుత్తి సంగతి. చేతిలో ఇనుము పెడితే ఆగుతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. చాలామందికి ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఎవరో పరిగెత్తుకెళ్లి తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ సమయం అయిపోతుంది, పేరు తాళాలకు వస్తుంది. ఉల్లిపాయ వాసన చూపించడం కూడా అలాంటిదే.

అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా, ఊపిరి సరిగా అందకపోయినా, గర్భిణి అయినా, తలకు దెబ్బ తగిలినా, నీళ్లలో ఉండగా వచ్చినా, జీవితంలో అదే మొదటిసారి అయినా 108కి ఫోన్ చేయండి. తరచూ ఎక్కువసేపు వచ్చేవారికి ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాసిస్తారు. మీకు అది అవసరమా అని డాక్టరును అడగండి. రాసిస్తే ఎలా కొట్టాలో అక్కడే చేసి చూపించమనండి.

2. ఫోన్లో వీడియో తీయండి

మనిషి అలా కొట్టుకుంటుంటే వీడియో తీయడమేంటని మా అమ్మ ఏడ్చింది. కానీ డాక్టరు ఎదుట ఎప్పుడూ ఫిట్స్ రావు. పడిపోయినవాడికి ఏమీ గుర్తుండదు. చూసినవాళ్లు తలో మాట చెబుతారు. తల ఏ పక్కకి తిరిగింది, ఏ చెయ్యి ముందు బిగుసుకుంది అన్నది వీడియోలో చూసి న్యూరాలజిస్ట్ (మెదడు, నరాల డాక్టరు) ఏ రకం ఫిట్సో, మెదడులో ఎక్కడ మొదలవుతున్నాయో అంచనా వేస్తారు. ఒకరు మనిషిని చూసుకుంటుంటే ఇంకొకరు తీయాలి.

ఈఈజీ పరీక్ష (తలకు తీగలు అంటించి మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసేది) మామూలుగా వచ్చిందని జబ్బు లేదనుకోవద్దు. ఆ కాసేపట్లో మెదడు ప్రశాంతంగా ఉందని మాత్రమే దానర్థం. స్కాన్‌లో "మెదడులో పురుగు" అని తేలితే భయపడకండి. బద్దెపురుగు గుడ్లు కలుషితమైన నీళ్లు, సరిగా కడగని పచ్చి కూరలు, శుభ్రం లేని చేతుల ద్వారా కడుపులోకి పోయి వస్తుందది. శాకాహారులకూ వస్తుంది. మన దేశంలో ఫిట్స్‌కి ముఖ్య కారణాల్లో అదొకటి, వైద్యం ఉంది.

3. నోటుపుస్తకం పెట్టండి

ఖరీదైన డైరీ అక్కర్లేదు, గోడ క్యాలెండరైనా చాలు. ఫిట్స్ వచ్చిన తేదీ, టైము, ఎంతసేపు అన్నవి రాయండి. వాటితోపాటు ముందు రోజు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, మాత్ర ఏ టైముకి వేసుకున్నారు, తిండి మానేశారా, జ్వరం ఉందా, కొత్త మందు ఏదైనా వాడారా అన్నది రాయండి. ఆడవాళ్లు నెలసరి తేదీలు కూడా రాసుకోవాలి. కొందరికి ఆ రోజుల చుట్టూనే ఎక్కువగా వస్తాయి, అది తెలిస్తే డాక్టరు మందులో మార్పు చేయగలరు.

నా ఉద్దేశంలో ఈ పుస్తకం వల్ల పెద్ద లాభం ఏంటంటే, అనవసరమైన నిషేధాలు పోతాయి. మా ఇంట్లో తమ్ముడికి టీవీ వద్దన్నారు, ఫోన్ వద్దన్నారు, వంకాయ కూడా వద్దన్నారు. మెరిసే వెలుతురు వల్ల ఫిట్స్ వచ్చేది ఈ జబ్బు ఉన్న వందమందిలో సుమారు ముగ్గురికే. ఈఈజీ తీసేటప్పుడు లైటు మెరిపించి చూస్తారు, మీరు ఆ ముగ్గురిలో ఉన్నారో లేదో చాలావరకు అక్కడే తెలుస్తుంది. అన్నీ మాన్పించి, మాత్ర టైముకి వేసుకున్నాడా అని అడగడం మాత్రం మేమే మర్చిపోయాం.

4. మాత్ర విషయంలో రాజీ పడొద్దు

ఫిట్స్ తిరగబెట్టడానికి అన్నిటికంటే మామూలు కారణం మాత్ర మర్చిపోవడం. రక్తంలో మందు ఒకే స్థాయిలో ఉంటేనే మెదడుకు కాపలా. అందుకే రోజుకు రెండుసార్లు అంటే పొద్దున 8, రాత్రి 8 అని గడియారం ప్రకారం. "తిన్నాక ఎప్పుడో" అంటే కుదరదు.

వారానికి సరిపడా గడుల డబ్బా కొనండి. ఫోన్లో అలారం పెట్టండి. పర్సులోనో, ఆఫీసు బ్యాగులోనో రెండు డోసులు ఎప్పుడూ ఉండాలి. స్ట్రిప్‌లో వారానికి సరిపడా మిగిలి ఉండగానే కొత్తది కొనాలి, పండగ సెలవులకు ముందు ఇంకా త్వరగా. ఒక డోసు మర్చిపోతే, గుర్తొచ్చిన వెంటనే వేసుకోమని, తర్వాతి డోసు దగ్గరపడితే దాన్ని వదిలేయమని సాధారణంగా చెబుతారు. రెండూ కలిపి వేసుకోకూడదు. మీ మందుకు ఏది వర్తిస్తుందో ముందే అడిగి డబ్బా మీద రాసిపెట్టుకోండి.

మాత్రల కంపెనీ మారిస్తే డాక్టరుకు చెప్పి మార్చండి. జన్ ఔషధి దుకాణాల్లో చవకగా దొరికే మందులు మంచివే, కానీ ఒకసారి మొదలుపెడితే అదే కొనసాగించండి. ఫెనిటాయిన్ లాంటి మందులో చిన్న తేడా వచ్చినా తూలడం మొదలవ్వొచ్చు, లేదా ఫిట్స్ తిరగబెట్టొచ్చు.

ఇబ్బందులు ముందే తెలిసి ఉంటే మందు మానేయాలనిపించదు. ఫెనిటాయిన్‌తో కొందరికి చిగుళ్లు వాస్తాయి. వాల్‌ప్రోయేట్‌తో బరువు పెరగడం, జుట్టు రాలడం, చేతులు వణకడం ఉండొచ్చు. లెవెటిరాసెటమ్ వాడేవారిలో కొందరికి కోపం, చిరాకు పెరుగుతాయి. ఇంట్లోవాళ్లు "వీడికి పొగరెక్కింది" అనుకునే ముందు మందు చీటీ ఒకసారి చూడాలి. కార్బమాజెపిన్, లామోట్రిజిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అది ప్రమాదకరం కావచ్చు.

5. మన ఇళ్లలోనే ఉన్న ట్రిగ్గర్లు

నిద్ర గురించి మా పెళ్లిళ్ల కథ చెప్పాను. నైట్ షిఫ్టులు, పరీక్షల ముందు రాత్రి చదువులు కూడా అంతే. శివరాత్రికైతే ఉపవాసం, జాగారం రెండూ కలిసొస్తాయి. దేవుడికి పగలు దండం పెట్టుకుని రాత్రి పడుకుంటే చాలు. రంజాన్ ఉపవాసాలు ఉండాలనుకునేవారు ఆ నెల రాకముందే డాక్టరును కలవాలి. కొన్ని మందులను సహర్ (తెల్లవారకముందు భోజనం), ఇఫ్తార్ వేళలకు సర్దొచ్చు, కొందరిని వద్దనే అంటారు.

తలంటు సంగతి చాలామందికి తెలియదు. వేడినీళ్లు చెంబుతో గబగబా నెత్తిన పోసుకుంటున్నప్పుడు ఫిట్స్ వచ్చే రకం ఒకటుంది. దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో డాక్టర్లు దీన్ని బాగా గమనించారు. మీ పుస్తకంలో "స్నానాల గదిలో" అని రెండుసార్లు కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. గోరువెచ్చటి నీళ్లు వాడటం, తలను విడిగా తడిగుడ్డతో తుడుచుకోవడం లాంటి మార్పులతోనే కొందరికి తగ్గిపోతుంది.

నీలగిరి తైలం, కర్పూరం కూడా కొందరికి ఫిట్స్ తెప్పిస్తాయి. జలుబు చేసిందని ఆవిరిలో వేసి పీల్చడం, బామ్ దట్టంగా పట్టించడం మానేసి చూడండి. కర్పూరం చిన్నపిల్లల నోట్లోకి అసలే వెళ్లకూడదు.

ఒంటినొప్పులకు ఇచ్చే ట్రమడాల్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని యాంటిబయాటిక్‌లు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా, మెడికల్ షాపులో అడిగినా "నాకు ఫిట్స్ ఉన్నాయి, ఈ మాత్ర వాడుతున్నాను" అని ముందే చెప్పాలి. మందు (తాగేది) విషయంలో తాగిన రాత్రి కంటే మర్నాడు దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ. పైగా తాగాం కదా అని మాత్ర మానేస్తారు, అది రెండో తప్పు.

6. ఇల్లు సర్దుకోండి

స్నానాల గదికి లోపల గడియ పెట్టొద్దు, తలుపు మీద "లోపల ఉన్నాను" అని చిన్న బోర్డు చాలు. స్టూలు మీద కూర్చుని స్నానం చేయాలి. మంచం ఎత్తు తక్కువగా ఉండాలి. కాలిన గాయాలు ఎక్కువగా వంటింట్లోనే అవుతాయి, కట్టెల పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండనివ్వకండి. బావి, చెరువు, కాలవ, మేడ అంచు, నడుస్తున్న మోటారు, ట్రాక్టరు దగ్గర పక్కన ఒక మనిషి ఉండాలి. బడికి, ఆటలకు, ఉద్యోగానికి పంపకుండా ఇంట్లో కూర్చోబెట్టాల్సిన పనేమీ లేదు.

7. బండి, పెళ్లి, పిల్లలు

డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులోని ఫారం 1లో మూర్ఛ ఉందా అని నేరుగా అడుగుతారు. మన చట్టం ప్రకారం ఉన్నవారికి లైసెన్స్ రాదు. బ్రిటన్‌లో ఏడాది పాటు ఫిట్స్ లేకపోతే కారు నడపనిస్తారు. మన నిబంధన కఠినమే, కానీ అబద్ధం రాసి స్కూటీ ఎక్కడం దానికి మందు కాదు.

హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ పెళ్లికి అడ్డంకుల్లో ఒకటిగా ఉండేది. 1999 సవరణతో ఆ మాట తీసేశారు. చట్టం తీసేసినా సంబంధాలు చూసేవాళ్లు తీయలేదు, అందుకే దాస్తారు. దాచిన జబ్బుకు మాత్రలు కూడా దాచాలి. కొత్త కోడలు అత్తగారింట్లో నలుగురి ముందు మాత్ర వేసుకోలేక మానేస్తుంది, నెల తిరక్కుండా పడిపోతుంది. ముందే చెప్పడం కష్టమే, దీనికంటే మాత్రం నయం.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. వాల్‌ప్రోయేట్ బిడ్డకు లోపాలు తెచ్చే ప్రమాదం ఎక్కువ, వీలైతే ముందే వేరే మందుకు మారుస్తారు, ఫోలిక్ యాసిడ్ మొదలుపెడతారు. గర్భం అని తెలియగానే భయపడి సొంతంగా మందు ఆపేస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే. కార్బమాజెపిన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ వాడేవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు.

8. మందు పనిచేయకపోతే, పనిచేస్తే

సరిగా ఎంచిన రెండు మందులు సరైన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే మూడోది, నాలుగోది అంటూ ఏళ్లు గడపకుండా మూర్ఛకు ప్రత్యేక విభాగం ఉన్న పెద్దాసుపత్రికి పంపమని అడగండి. కొందరికి ఆపరేషన్‌తో నయమవుతుంది.

పనిచేస్తే ఆపొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాకే డాక్టరు ఆ మాట ఎత్తుతారు, అదీ నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ. కొన్ని రకాల్లో జీవితాంతం వాడాల్సిందే.

తమ్ముడికి చివరిసారి ఫిట్స్ వచ్చి నాలుగేళ్లు దాటింది. డాక్టరు తగ్గిద్దామా అన్నారు గానీ, ఇప్పుడే వద్దన్నాడు. వచ్చే మాఘంలో వాడి పెళ్లి. పెళ్లిచూపుల రోజే అమ్మాయికి తన మాత్రల సంగతి చెప్పేశాడు. పంతులుగారు తెల్లవారుజామున 3 గంటలకు దివ్యమైన ముహూర్తం ఉందన్నారు. నాన్న ఒప్పుకోలేదు, పగలు 10:40కి పెట్టించారు. దిష్టి ఎలాగూ తీస్తానంటోంది నానమ్మ, కాకపోతే ఇప్పుడు ముందు "మాత్ర వేసుకున్నావురా?" అని అడిగి మరీ.