సుషీ రోల్ సరిగ్గా రావడం లేదా? చాపను కాదు, తడిని అనుమానించండి

సుషీ రోల్ అంటే వినెగర్ కలిపిన అన్నాన్ని నోరి అనే నాచు షీటులో చుట్టే జపాన్ వంటకం. ఇంట్లో దాన్ని చుట్టేవాళ్లు రోల్ పాడైతే ముందుగా తమ చేతివాటాన్నే తిట్టుకుంటారు. మకిసు, అంటే ఆ వెదురు చాప, తిప్పడం రాలేదనుకుంటారు. చాలాసార్లు పని చెడేది అంతకు ముందే. నోరి షీటులోనో అన్నంలోనో తడి ఎక్కువో తక్కువో అయి ఉంటుంది.

నోరి రబ్బరులా సాగుతోంది, పంటికి తెగడం లేదు

నోరి అంటే సముద్రపు నాచును సన్నగా తరిగి, కాగితంలా పల్చగా పరిచి ఆరబెట్టిన షీటు. గాలిలో తేమ ఉంటే ఇట్టే పీల్చేస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో ప్యాకెట్ విప్పి పక్కన పెట్టారంటే, కీరా తరిగేలోపే మెత్తబడుతుంది. అందుకే ఒక్కో షీటే బయటికి తీయండి. మిగతావాటిని లోపలున్న తేమ పీల్చే పొట్లంతో సహా జిప్ కవర్లో పెట్టి మూసేయండి.

మెత్తబడిన షీటును పారేయక్కర్లేదు. సన్నని సెగకు కాస్త ఎత్తులో పట్టుకుని, అప్పడం కాల్చినట్టు అటూ ఇటూ రెండు మూడుసార్లు ఆడించండి. నలుపు పోయి ఆకుపచ్చ తేలి, గలగలలాడితే చాలు.

పొగలు కక్కే అన్నం పరిచినా ఇదే గతి. అన్నం ఒంటివేడికి దిగాకే పరవాలి, చుట్టిన పావుగంటలో తినేయాలి. డబ్బాలో సర్దుకెళ్తే ఏ చిట్కా పనిచేయదు. జపాన్ దుకాణాల్లో అమ్మే ఒనిగిరి అన్నపు ముద్దలకు నోరికీ అన్నానికీ మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి, తినేముందు లాగేసుకునేలా చుట్టడం ఇందుకే.

కోయగానే అన్నం రాలిపోతోంది

సోనా మసూరి వాడి ఉంటారు. దాని పిండిపదార్థంలో అతుక్కోనివ్వని అమైలోజ్ అనే భాగం ఎక్కువ కాబట్టి మెతుకు మెతుకు విడిపోతుంది. పులిహోరకు అదే కావాలి, ఇక్కడ అదే చేటు. కొషిహికారి లాంటి జపాన్ పొట్టిగింజ బియ్యం తప్పదు. నీళ్లు తేటపడేదాకా కడిగి అరగంట నానబెట్టండి. కప్పు బియ్యానికి కప్పుంపావుకు కాస్త తక్కువ నీళ్లు పోసి అత్తెసరు పెట్టండి, వార్చొద్దు. దించాక పది నిమిషాలు మూత తీయకండి.

అన్నం జావలా ముద్దకట్టింది

వినెగర్ పోసి గిన్నెలో గిరగిరా కలిపేసి ఉంటారు. 300 గ్రాముల బియ్యానికి 4 టేబుల్ స్పూన్ల రైస్ వినెగర్, 2 టేబుల్ స్పూన్ల చక్కెర, టీస్పూన్ ఉప్పు కరిగించి, వేడన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పోసి దానిమీద చల్లండి. చెక్క గరిటెను ఏటవాలుగా పట్టి అన్నాన్ని కోస్తున్నట్టు కలుపుతూ, ఇంకొకరిచేత విసనకర్రతో విసిరించండి. అదనపు తడి ఎగిరిపోయి మెతుకు నిగనిగలాడుతుంది.

షీటు చిరుగుతోంది, అంచు అతుక్కోవడం లేదు

ఆశకొద్దీ అన్నం ఎక్కువ కుక్కారు, అంతే! షీటు కొలత 21×19 సెంటీమీటర్లు. ఒకటే కూరగాయ పెట్టే సన్న రోల్‌కు అందులో సగం ముక్క చాలు. గరుకు వైపు పైకి పెట్టి, కింద షీటు రంగు అక్కడక్కడా కనపడేంత పల్చగా అన్నం పరవండి. అవతలి అంచున 1–2 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. కీరాలో గింజల భాగం తీసేయండి, నీరు కారేది అక్కడినుంచే. చుట్టాక అతుకు కిందికి వచ్చేలా రెండు నిమిషాలు ఉంచితే అదే పట్టుకుంటుంది. వేళ్లకు అన్నం అంటకుండా వినెగర్ కలిపిన నీళ్లు రాసుకోండి, చేతులు కారేలా మాత్రం వద్దు.

కత్తి పెడితే నలుగుతోంది

కత్తి మొద్దుబారింది, లేదా జిగురు పట్టింది. ప్రతి కోతకూ తడిగుడ్డతో తుడవండి.

పచ్చి చేప పెట్టొచ్చా?

బజారు చేపతో వద్దు. పరాన్నజీవులు చావాలంటే మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులుంచాలి, ఇంటి ఫ్రీజర్‌ను అంతగా నమ్మలేం. ఉడికించిన రొయ్యలు, ఆమ్లెట్ ముక్కలు పెట్టుకోండి. జపాన్‌లో ఒట్టి కీరాతో చేసే కప్పామకి కూడా నిక్షేపమైన సుషీయే.

ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గట్టిపడింది

చల్లదనానికి పిండిపదార్థం బిగుసుకుపోతుంది. ఇక అలాగే తినడానికి బాగుండదు. ముక్కల్ని గిలక్కొట్టిన గుడ్డులో ముంచి పెనం మీద కాల్చుకోండి. సుషీ అనలేం గానీ, పొద్దున టిఫిన్ గడిచిపోతుంది.