మిలియన్లు, కోట్ల మధ్య లెక్క తప్పుతోందా? తేడా ఎన్ని రెట్లో చూడండి

లక్షలు, కోట్లు మనకు కొట్టిన పిండి. మిలియన్, బిలియన్ కూడా రోజూ వినేవే. చిక్కంతా ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి దాటేటప్పుడే వస్తుంది. వెయ్యి దాటాక మన వరుస రెండేసి సున్నాలతో పెరుగుతుంది, ఆ వరుస మూడేసి సున్నాలతో పెరుగుతుంది. అందుకే మెట్టుకు మెట్టు కలవదు.

జవాబు ఎక్కడో తేడాగా ఉందనిపిస్తే వెంటనే మొదటినుంచి లెక్క వేయకండి. చాలాసార్లు అదే తప్పు మళ్లీ చేస్తాం. వచ్చిన జవాబుకీ, రావాల్సిన అంచనాకీ మధ్య ఎన్ని రెట్ల తేడా ఉందో చూడండి. సగం కారణం అక్కడే దొరుకుతుంది. అంచనా కోసం బాగా తెలిసిన సంఖ్య ఒకటి గుర్తుంచుకుంటే చాలు. నాకు ప్రపంచ జనాభా గుర్తు: 2022 నవంబరులో 8 బిలియన్లకు చేరింది, అంటే 800 కోట్లు.

పది రెట్లు తేడా వస్తే

మిలియన్‌ని లక్ష అనో, కోటి అనో అనుకున్నారన్నమాట. మిలియన్ ఆ రెండూ కాదు, పది లక్షలు. సంస్కృత సంఖ్యల వరుసలో పది లక్షలకి ప్రయుతం అనే పేరుంది కానీ, ఇప్పుడు ఎవరూ వాడరు. వాడుకలో విడిగా పేరు లేకపోవడంతో చెయ్యి అటో ఇటో పక్కమెట్టు మీదికి పోతుంది.

మిలియన్లని లక్షల్లో చెప్పాలంటే 10తో గుణించండి, కోట్లలో చెప్పాలంటే 10తో భాగించండి. భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం 149.6 మిలియన్ కిలోమీటర్లు. దశాంశ బిందువుని ఒక స్థానం ఎడమకి జరిపితే 14.96 కోట్ల కిలోమీటర్లు.

వంద రెట్లు తేడా వస్తే

దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, బిలియన్‌ని కోటి అనుకోవడం. బిలియన్ అంటే 100 కోట్లు. ఈ తప్పు నేనూ చేశాను. ఒక అనువాదంలో భూమి వయసు 4.54 బిలియన్ సంవత్సరాలని ఉంటే ధీమాగా 4.54 కోట్ల ఏళ్లని రాశాను. తర్వాతి పేరాలో డైనోసార్లు 66 మిలియన్ ఏళ్ల కిందట అంతరించాయని ఉంది, దాన్ని మాత్రం సరిగ్గానే 6.6 కోట్లు చేశాను. మొత్తానికి నా అనువాదంలో భూమి పుట్టకముందే డైనోసార్లు పుట్టి, బతికి, పోయాయి కూడా! భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. అప్పటినుంచి ఒకే వ్యాసంలో వచ్చే పెద్ద సంఖ్యలన్నీ ఒకదాని పక్కన ఒకటి రాసుకుని, ఏది దేనికన్నా పెద్దదో చూడకుండా వదలను.

రెండోది, భాగించాల్సిన చోట గుణించడం. 45 మిలియన్లని 4.5 కోట్లు చేయబోయి 450 కోట్లు చేసేస్తారు. పది రెట్లు ఇటు రావాల్సింది పది రెట్లు అటు పోతే మొత్తం వంద రెట్లు. బిలియన్ల దగ్గర ఇదే పొరపాటు తిరగబడి, 100తో గుణించాల్సిన చోట భాగిస్తే తేడా పదివేల రెట్లవుతుంది: 3 బిలియన్లు 300 కోట్లు కావాల్సింది 0.03 కోట్లుగా తేలుతుంది. పెద్ద గిన్నెతో కొలిస్తే తక్కువ గిన్నెలే పడతాయి కదా, ఇదీ అంతే. పెద్ద ప్రమాణంలోకి మారుస్తుంటే అంకె తగ్గాలి, చిన్న ప్రమాణంలోకి మారుస్తుంటే పెరగాలి. కాలిక్యులేటర్ ముట్టుకోకముందే తగ్గాలా పెరగాలా అన్నది తేల్చుకోండి.

ట్రిలియన్‌తో ఇంత టెన్షన్ లేదు. అది సరిగ్గా లక్ష కోట్లు.

వెయ్యి రెట్లు తేడా వస్తే

ముందు మూలం ఏ భాషదో చూడండి. ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, అంటే లక్ష కోట్లు. మనం ఇంగ్లీషులో బిలియన్ అనేదాన్ని వాళ్లు ఫ్రెంచ్‌లో మిలియార్ అనీ, జర్మన్‌లో మిలియార్డె అనీ అంటారు. బ్రిటన్‌లోనూ ఒకప్పుడు పెద్ద బిలియనే ఉండేది. అక్కడి ప్రభుత్వం 1974లో వెయ్యి మిలియన్ల బిలియన్‌కి మారింది. కాబట్టి పాత బ్రిటిష్ పుస్తకంలో బిలియన్ కనిపిస్తే దాన్ని చుట్టుపక్కల వాక్యాలతో సరిచూసుకోవాలి.

మూలం ఇంగ్లీషే అయితే పట్టిక శీర్షిక చూడండి. 'అంకెలు వేలల్లో' అని ఓ మూల చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, మన కన్ను దాన్ని దాటేస్తుంది. కొన్ని ఆర్థిక నివేదికల్లో ఎం అక్షరానికి అర్థం వెయ్యి, రోమన్ అంకెల నుంచి వచ్చిన అలవాటు. అక్కడ మిలియన్‌కి ఎంఎం అని రాస్తారు. ఒక్క ఎం మాత్రమే ఉంటే అది వెయ్యో మిలియనో ఆ నివేదిక అంతటా చూసి తేల్చుకోవాల్సిందే.

తేడా దాదాపు పది రెట్లే, కానీ సరిగ్గా పది కాదు

ఇది సున్నాల గొడవ కాదు. వైశాల్యం, ఘనపరిమాణం దగ్గర వచ్చే తప్పు. నీటి వార్తల్లో వినే టీఎంసీనే తీసుకోండి. ఆ పేరుకి అర్థం వెయ్యి మిలియన్ ఘనపు అడుగులు, అంటే 100 కోట్ల ఘనపు అడుగులు. దీన్ని ఘనపు మీటర్లలో చెప్పాలంటే మీటరుకి 3.28 అడుగులు కదా అని చాలామంది ఒక్కసారి భాగించి 30.5 కోట్లు అంటారు. ఘనపు కొలతకి మూడుసార్లు భాగించాలి, అంటే దాదాపు 35.3తో. సరైన జవాబు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. రెండింటి మధ్య తేడా సుమారు 10.8 రెట్లు. చూడగానే మిలియన్-కోటి తికమకలా అనిపిస్తుంది, ఆ దారిలో వెతికితే మాత్రం ఎంతకీ దొరకదు.

చదరపు కిలోమీటరులోనూ ఇదే కథ. అందులో 1,000 చదరపు మీటర్లు కాదు, 10 లక్షలు ఉంటాయి. ఘనపు కిలోమీటరు అయితే 100 కోట్ల ఘనపు మీటర్లు.

టీఎంసీకి ఇంకో సరిచూపు ఉంది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపు అడుగు, రోజుకి 86,400 సెకన్లు. అంటే సుమారు 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ.

ఏడు నుంచి పది శాతం, లేదా ఎనిమిది రెట్లు

రెండూ కంప్యూటర్ కొలతలవే. ఒక టెరాబైట్ డిస్కు కొంటే విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తుంది. డిస్కులో లోపమేం లేదు. తయారీదారు వెయ్యేసి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1,024 చొప్పున లెక్కపెడుతుంది. గిగాబైట్ల దగ్గర ఏడు శాతంగా ఉన్న తేడా టెరాబైట్ల దగ్గరికి వచ్చేసరికి పది శాతమవుతుంది. ఎనిమిది రెట్లు వస్తే మీరు బిట్లని బైట్లు అనుకున్నారు. ఇంటర్నెట్ వేగం బిట్లలో చెబుతారు, ఫైలు సైజు బైట్లలో ఉంటుంది.

లెక్క సరిగ్గానే ఉంది, చదవడంలోనే తేడా

1,500,000 అని చూడగానే మొదటి కామా ముందున్న 1ని పట్టుకుని లక్ష అనేస్తాం. కామాలని నమ్మకండి, అంకెలు లెక్కపెట్టండి. ఆరు ఉంటే లక్షలు, ఏడు ఉంటే పది లక్షలు, ఎనిమిది ఉంటే కోట్లు. ఇక్కడ ఏడున్నాయి, కాబట్టి పదిహేను లక్షలు. ఎక్సెల్‌లో మన కామాలు కావాలంటే కస్టమ్ ఫార్మాట్‌లో ఇది పెట్టండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

రుణ (మైనస్) సంఖ్యలకి మాత్రం ఇది పనిచేయదు, వాటికి పాత కామాలే పడతాయి. జర్మనీ నుంచి వచ్చిన ఫైళ్లలో చుక్క, కామా తారుమారవుతాయి: అక్కడ 1.500 అంటే పదిహేను వందలు. మన కంప్యూటర్ దాన్ని ఒకటిన్నర అనుకుంటుంది.

తప్పు లేదు, అయినా ఏదో తేడా

మూలంలో 'దాదాపు మిలియన్ ఎకరాలు' అని ఉంటే మీ అనువాదంలో '4,04,686 హెక్టార్లు' అని వచ్చింది. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ మూలంలో చెప్పినవాళ్లు అంత నిక్కచ్చిగా చెప్పలేదు, చివరి ఐదు అంకెలూ మీరు చేర్చినవే. 'దాదాపు నాలుగు లక్షల హెక్టార్లు' అని రాయండి. అసలు సంఖ్య ఎవరికైనా అవసరం పడుతుందనిపిస్తే మిలియన్ ఎకరాల మాట కూడా పక్కనే ఉంచండి.