మృగశిర లోపు మూయగలిగినంత రేకే కోయండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పాత కారు పని పెట్టుకున్నవాళ్లకు మాత్రం అదే అనువైన కాలం. రేకు పొడిగా ఉంటుంది, ప్రైమర్ త్వరగా ఆరుతుంది. ఆ ఊపులో నాలుగు మడ్‌గార్డులూ ఒకేసారి విప్పేస్తేనే చిక్కు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది, ఆ వెనకే హైదరాబాద్‌లో వానలు మొదలవుతాయి. అప్పటికి కోసిన చోటల్లా మూసి ఉండాలి. ఈసారికి ఒక్క వైపే పట్టుకోండి.

నాది ప్రీమియర్ పద్మిని. మొదటి ఏడాది కుడి తలుపుకు పుట్టీ పెట్టి, మామూలు ప్రైమర్ కొట్టి, పెయింట్ సంగతి వానలయ్యాక చూద్దామని వదిలేశాను. సెప్టెంబరుకల్లా తలుపంతా బొబ్బలు. ఆ ప్రైమర్ చూడటానికి రంగులాగే ఉంటుంది కానీ నీళ్లు పీలుస్తుంది, కింద ఉన్న పుట్టీ కూడా అంతే. మళ్లీ రేకు దాకా గీకాల్సి వచ్చింది. మధ్యలో ఆపక తప్పకపోతే నీళ్లు పట్టనివ్వని ఎపాక్సీ ప్రైమర్ కొట్టి ఆపండి.

కోసే ముందు జంగు ఎంత దూరం పాకిందో చూసుకోవాలి. చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుతూ పోండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, ఎవరో పెట్టిన పుట్టీ ఉంది. మ్యాట్ల కింద, డిక్కీలో స్టెప్నీ కింద, తలుపుల అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉంటాయి, సగం తుప్పుకు కారణం అదే. బండి ముంబై నుంచో విశాఖ నుంచో, ఉప్పుగాలి తగిలే ఊరి నుంచి వచ్చిందైతే ఇంకాస్త గట్టిగా పొడవండి. పొరలుగా లేచిన తుప్పు మీద రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం) పూయడం దండగ. మంచి రేకు దొరికేదాకా కోయాల్సిందే.

అసలు భయపడాల్సింది తలుపుల కింద పొడవునా ఉండే పట్టీల విషయంలో. పద్మినికి లారీలా విడి ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. ఆ పట్టీ కోస్తే నడుము కుంగుతుంది, తర్వాత తలుపు పట్టదు. ముందు తలుపు సందులు కొలిచి రాసుకుని, లోపల అడ్డంగా ఇనుప పైపులు టాక్ వేసి (చిన్న వెల్డింగ్ చుక్కలతో అతికించి), అప్పుడు కోయండి. తుప్పు తిన్న పట్టీ కింద జాకీ పెడితే రేకులోకి దిగిపోతుంది. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎంత చిన్న పనికైనా దూరొద్దు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బండిని నిలబెట్టే మంచి స్టాండ్లు దొరుకుతాయి.

వెల్డింగ్ రోజు బ్యాటరీ తీసేయండి, పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకే కదా అని దాని పక్కన నిప్పురవ్వలు పడనివ్వొద్దు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకుతోనే ఎక్కువ ప్రమాదం. కార్పెట్లు, సీట్లు బయటికి, బకెట్టు నీళ్లు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ దగ్గరికి. పని అయ్యాక ఒక గంట అక్కడే కూర్చోండి, లోపలి పొరల్లో నిప్పు ఆలస్యంగా రాజుకుంటుంది. వెల్డింగ్ గీత పొడవునా ఒకేసారి లాగితే రేకు వంకర పోతుంది. దూరదూరంగా చుక్కలు పెడుతూ, చల్లారనిస్తూ పోవాలి.

పాత పెయింటులో సీసం, పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పెయింటును తడి చేసి వాటర్ పేపర్‌తో రుద్దండి, బ్రేక్ డ్రమ్ముల్లోకి గాలి కొట్టొద్దు. హార్డెనర్ కలిపే టూకే పెయింట్ మాత్రం ఇంట్లో వద్దు. ఆ తుంపరలోని ఐసోసైనేట్ అనే రసాయనాన్ని మామూలు మాస్కు ఆపదు, ఒకసారి ఆస్తమా పట్టుకుంటే వదలదు. చివరి కోటు స్ప్రే బూత్ (పెయింట్ కొట్టే మూసిన గది) ఉన్న పెయింటర్‌కే ఇవ్వండి, అదీ నవంబరు తర్వాత.

ఇక అపార్ట్‌మెంట్ సెల్లార్ సంగతి. గ్రైండర్ మోతకు పైఅంతస్తువాళ్లు గొడవపడితే సర్దిచెప్పుకోవచ్చు, సెల్లార్‌లోకి వచ్చే వాననీళ్లకు చెప్పలేం. 2020 అక్టోబరు వానలకు నగరంలో కార్లు కొట్టుకుపోవడం అందరం చూశాం. జూన్ మొదటివారానికి చక్రాలు ఎక్కించి, ఇద్దరు తోస్తే పైకి తెచ్చేలా బండిని సిద్ధం చేయండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పడుతుంది, నూలు కవరు కప్పి పైన రేకుల నీడ చూసుకోండి.