న్యాయ సహాయం దరఖాస్తులో అబద్ధం రాస్తే ఏమవుతుంది?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ, ఉచితంగా లాయరును ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు రాసేముందు ఒకటి తేల్చుకోండి: అసలు మీకు ఆదాయ పరిమితి ఉందా? 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పరిశ్రమల కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, తుఫాను లాంటి విపత్తుల బాధితులు వంటివాళ్లు ఆదాయం ఎంతైనా అర్హులే. మిగతావాళ్లకే మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల పరిమితి.

అందుకే భరణం కేసు వేసే మహిళ కుట్టుపని సంపాదన దాచడం శుద్ధ దండగ. పైగా ప్రమాదం. 2020లో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, భరణం కేసులో ఆస్తులు, ఆదాయంపై విడిగా అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయాలి. ఇక్కడో అంకె, అక్కడో అంకె ఉంటే అవతలి లాయరు క్రాస్‌ ఎగ్జామినేషన్‌లో (ఎదురు ప్రశ్నల్లో) మొదట పట్టుకునేది దాన్నే.

పొగాకు రైతుకు చిక్కు వేరు. వేలం కేంద్రంలో అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. 6 లక్షలు వచ్చి కౌలు, కూలీలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఖర్చులు పోను 2 లక్షలే మిగిలాయనుకోండి. ఉత్త "2 లక్షలు" అని రాసి వదిలేయకండి. వచ్చినదీ, ఖర్చయినదీ రెండూ రాసి లెక్క జతచేయండి. రొయ్యల చెరువు కౌలుకు చేసేవాళ్లూ అంతే. తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రంలోని అంకెకు, అఫిడవిట్‌లోని అంకెకు తేడా ఉంటే కారణం ఒక్క వాక్యంలో రాయండి.

అదే 1987 చట్టం 13వ సెక్షన్ కింద ఆదాయానికి అఫిడవిట్ చాలు, అనుమానం వస్తే తప్ప. మొదట్లో ఎవరూ అడగలేదని ధీమా పడొద్దు. అబద్ధం ఎక్కువగా ఎదుటి పక్షం కాగితాలు తెచ్చినప్పుడే బయటపడుతుంది.

బయటపడితే ముందు పోయేది లాయరు. మోసంతో, తప్పుడు వివరాలతో పొందిన సహాయాన్ని సంస్థ వెనక్కి తీసుకోవచ్చు. కేసు నడిమధ్యలో సొంత ఖర్చుతో ఇంకొకరిని పెట్టుకోవాలి. సొంత లాయరు ఉన్న సంగతి దాచినా ఇదే గతి.

ఆపైన నేరం. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని 217వ సెక్షన్ కింద, ప్రభుత్వ అధికారిని తప్పుదారి పట్టించాలని తెలిసి తెలిసి తప్పుడు సమాచారమిస్తే ఏడాది వరకు జైలు, 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. దీనికి ఆ అధికారి, లేదా ఆయన పైఅధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అబద్ధపు అఫిడవిట్‌కు 229 కింద 3 ఏళ్ల వరకు, న్యాయ విచారణలో ఇచ్చినదైతే 7 ఏళ్ల వరకు జైలు, జరిమానా. ధ్రువపత్రమే నకిలీదైతే ఫోర్జరీ సెక్షన్లు తోడవుతాయి. ఇవన్నీ తెలిసి చేసిన అబద్ధానికే. పొరపాటు లెక్కకు కాదు.

కాబట్టి పొరపాటు కనబడిన రోజే సరిదిద్దండి. దరఖాస్తు నంబరు, తప్పు పడిన అంకె, సరైన అంకె, కారణం తెల్లకాగితం మీద రాసి సంస్థ కార్యదర్శికి ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. నోటీసు వస్తే నోటిమాటతో సరిపెట్టక రాతపూర్వకంగా జవాబివ్వండి. చదవడం రానివాళ్లు నోటితో చెబితే అక్కడివాళ్లే దరఖాస్తు రాస్తారు. వేలిముద్ర వేసేముందు ఆదాయం గడిలో ఏం రాశారో పైకి చదివించుకోండి.

నిర్ణయం 7 రోజుల్లో రావాలి. కాదంటే సంస్థ ఛైర్మన్ అయిన జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తు నింపడంలో సందేహాలకు 15100కు ఫోన్ చేయండి.